మూడో చెక్క పైపు చేశాను: అందరూ బాగుందంటున్నారు, వెలిగిస్తే గుడగుడమంటోంది

కోల్డ్‌స్టోరేజీ_అబ్బాయి (గుంటూరు) అడిగారు:

అందరికీ నమస్కారం. మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. ఏడాదిన్నరగా ఆదివారాలు మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో మా పెదనాన్నగారబ్బాయి లేత్ షాపులో గడుపుతున్నాను, అక్కడ చెక్కతో పొగాకు పైపులు చేస్తున్నాను. పాత ఫొటోల్లో లాయర్లూ ప్రొఫెసర్లూ పళ్ళ మధ్య పట్టుకుని కనిపిస్తారే, ఆ పైపు. మొదటిది డ్రిల్లు పక్కకి పోయి గోడ చీల్చుకుని బయటికొచ్చింది. రెండోదానికి స్టెమ్, అంటే నోట్లో పెట్టుకునే గొట్టం, సరిగా కూర్చోలేదు. మూడోది మొన్న పూర్తయింది, దాని గురించే ఈ పోస్టు.

నేను పొగ తాగను, మొదలుపెట్టే ఉద్దేశం కూడా లేదు. మరి పైపులెందుకు అని అడుగుతారని ముందే చెప్తున్నాను. మా తాతయ్య వర్జీనియా పొగాకు వేసేవారు, బేరన్ (పొగాకు ఆకు వేడి పెట్టి ఆరబెట్టే కొట్టం) నడిచే రోజుల్లో రాత్రంతా మంట చూసుకుంటూ అక్కడే పడుకునేవారు. ఆయనకి ఎవరో ఇచ్చిన పైపు ఒకటి ఉండేది. ఆయన పోయాక బీరువాలో పాత తువ్వాలులో చుట్టి దొరికింది. అంచు కాలింది, స్టెమ్ మీద పళ్ళ గుర్తులున్నాయి, కానీ చేతిలోకి తీసుకోగానే అరచేతిలో అలా ఒదిగిపోయింది. అలాంటిది నా చేత్తో ఒకటి చేయాలనిపించింది, అంతే.

ఇక మూడో పైపు సంగతి. కర్ర నల్లతుమ్మ చేవ, మా ఊళ్ళో ఒక పాత ఎడ్లబండి విప్పేస్తుంటే చక్రం ఆకులు (స్పోకులు) అడిగి తెచ్చుకున్నాను. బౌల్ (పొగాకు కూరే గిన్నె) లోపలి వెడల్పు 20 ఎంఎం, లోతు 40. బౌల్ నుంచి కాడలోకి వచ్చే బెజ్జం 4 ఎంఎం. కాడ చివర స్టెమ్ దూరడానికి 8 ఎంఎం బెజ్జం, లోతు 20. స్టెమ్ యాక్రిలిక్ కడ్డీ, కాడలోకి దూరే దాని కుసి పొడవు 17 వచ్చింది, నోట్లో పెట్టుకునే చివర బెజ్జం 2 ఎంఎం. ఎమరీ కాగితం 600 నంబరు దాకా పట్టి వార్నిష్ మూడు పూతలు వేశాను. లోపల కూడా ఒక పూత వేశాను, కర్ర కాలకుండా ఉంటుందని.

ఇంట్లో చూపిస్తే బాగుందన్నారు, ఆఫీసులో బాగుందన్నారు, వాట్సాప్‌లో ఫొటో పెడితే సూపర్ అన్నారు. సంతోషమే, కానీ వాళ్ళలో ఒక్కరు కూడా జీవితంలో పైపు నోట్లో పెట్టుకోలేదు. గుంటూరు పొగాకు ఊరు, పొగాకు బోర్డు 1976 నుంచి ఇక్కడే ఉంది, అయినా పైపు తాగే మనిషి కోసం రెండు నెలలు అడిగి అడిగి అలసిపోయాను. చివరికి మా వీధిలో చుట్ట తాగే పెద్దాయనకి ఇచ్చాను. ఆయన చుట్టాకు నలిపి కూరి వెలిగించారు. ఐదు నిమిషాలకే "ఏందిరా అబ్బాయ్, ఇది హుక్కాలాగా గుడగుడమంటోంది" అన్నారు. ఇంకాసేపటికి చేదు నీళ్ళు నోట్లోకొచ్చాయని ఉమ్మేశారు. బౌల్ పట్టుకోలేనంత వేడెక్కింది. పైన వార్నిష్ బుడగలు లేచింది.

నా ప్రశ్నలు రెండు. తప్పు ఎక్కడుంది? రెండోది ఇంకా ముఖ్యం, తాగనివాణ్ణి కదా, చేసినదాని మంచిచెడ్డలు నాకు ఎలా తెలియాలి, ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి?

సాయంత్రం_ఒక_పైపు (గుంటూరు, బ్రాడీపేట) జవాబు:

బాబూ, అన్నిటికంటే ముందు ఒక మాట. లోపల వార్నిష్ పూశానన్నావు చూడు, ఆ పైపు ఇక ఎవరి నోటికీ ఇవ్వకు. పొగాకు నిప్పు ఆ పూత మీదే కూర్చుంటుంది, కాలిన వార్నిష్ పొగ మనిషి నోట్లోకీ ఊపిరిలోకీ పోతుంది. ఆ పెద్దాయనకి కూడా చెప్పు, మళ్ళీ ముట్టుకోవద్దని. తెలియక చేశావు, ఇప్పుడు తెలిసింది కాబట్టి ఆపెయ్.

రెండో మాట, ఆ చుట్ట పెద్దాయన చెప్పినదాంట్లో సగమే నీ పైపు గురించి. మిగతా సగం ఆయన అలవాటు గురించి. చుట్ట గట్టిగా లాగకపోతే ఆరిపోతుంది, ఆయన నోటికి ఆ దమ్ము అలవాటు. పైపు అలా తాగరు. వేడి టీ గుక్క ఎంత మెల్లగా తీసుకుంటామో అంత మెల్లగా, మధ్యలో ఆపుకుంటూ, ఆరిపోతే మళ్ళీ వెలిగించుకుంటూ, ఒక బౌల్ గంటసేపు వస్తుంది. గట్టిగా లాగితే ఎంత మంచి పైపైనా కాలుతుంది. ఇంకోటి, చుట్టాకు ఎండిపోయి ఉంటుంది, నలిపితే పొడి అవుతుంది, ఆ పొడి వెళ్ళి 4 ఎంఎం బెజ్జానికి అడ్డం పడుతుంది. పైపు పొగాకు సన్నగా పోగుల్లా కోసి కొద్దిగా తేమ ఉంచుతారు.

అలాగని నీ పైపు మంచిదేననడం లేదు. గుడగుడ అంటే లోపల ఎక్కడో నీళ్ళు నిలబడుతున్నాయి. పొగాకు కాలితే ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరి దారిలో ఎక్కడ ఖాళీ జాగా, చల్లటి జాగా దొరికితే అక్కడ నీరవుతుంది. కాడలో బెజ్జం లోతు 20, కుసి 17 అని నువ్వే రాశావు. మిగిలిన ఆ 3 ఎంఎం గుంట సంగతి చూడు.

పైపు క్లీనర్ (దూది చుట్టిన సన్న తీగ) ఒకటి తీసుకుని స్టెమ్ చివర నుంచి దూర్చు, బౌల్ అడుగు దాకా ఎక్కడా తట్టుకోకుండా వెళ్ళాలి. మధ్యలో ఆగితే ఆగిన చోటే నీ తప్పు. దీనికి పొగ తాగక్కర్లేదు.

నేను ముప్పై ఏళ్ళు తాగాను, డాక్టరుగారు చెప్పాక ఆదివారం సాయంత్రం ఒక్క బౌల్‌కి తగ్గించాను. నీకు అలవాటు లేదన్నావు, ఈ పని కోసమని అలవాటు చేసుకోవద్దు. పరీక్షకి నేనున్నాను.

ఆటోనగర్_టర్నర్ (విజయవాడ) జవాబు:

తమ్ముడూ, బ్రాడీపేట పెద్దాయన గుంట పట్టుకున్నారు, నాకు నీ లెక్కల్లో ఇంకోటి కనిపిస్తోంది. ఒక చివర 4 ఎంఎం, నోటి దగ్గర 2 ఎంఎం. సైజు సగం కదా అనుకుంటున్నావేమో, గాలి వెళ్ళే దారి సగం కాదు, పావు వంతు. 4 ఎంఎం గుండ్రటి బెజ్జం వైశాల్యం పన్నెండున్నర చదరపు ఎంఎం ఉంటుంది, 2 ఎంఎంది మూడుకి కాస్త ఎక్కువ. నీళ్ళ పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే ఏమవుతుందో అదే అవుతోంది లోపల. మనిషి గట్టిగా లాగాల్సి వస్తోంది, లాగితే వేడి, వేడితో తడి.

మరి నోటి దగ్గర స్టెమ్ పలచగా ఉండాలి, 4 ఎంఎం మందం బాగా దాటితే పళ్ళకి మొద్దుగా ఉంటుంది, అంత పలచటి దాంట్లో 4 ఎంఎం బెజ్జం ఎలా పెడతాం? గుండ్రంగా పెట్టం. ఎత్తు తగ్గించి వెడల్పు పెంచుతాం. ఎత్తు 1.5 ఎంఎం అయితే వెడల్పు 8 ఎంఎం పైన ఉండాలి, అప్పుడు మళ్ళీ పన్నెండు దగ్గరకొస్తుంది. చేప తోకలాగా లోపల్నుంచి విచ్చుకుంటూ రావాలి. కంసాలి పనిముట్లు అమ్మే షాపులో సన్న రంపం బ్లేడు, సూది ఆకురాళ్ళు దొరుకుతాయి, వాటితో చేత్తోనే తీయాలి, దీనికి మిషన్ లేదు. గంట పడుతుంది, మొదటిసారి రెండు గంటలు.

ఇంకో పని చెయ్. ఆ పైపు ఎలాగూ ఎవరికీ ఇవ్వకూడదన్నారు కదా, వైస్‌లో పెట్టి హ్యాక్సాతో నిలువునా రెండు ముక్కలు చెయ్, స్టెమ్‌తో సహా. మనసొప్పదు, నాకు తెలుసు, ఎమరీ పట్టిన చేతులకి అది కష్టమే. కానీ బయట నుంచి ఎన్ని రోజులు చూసినా తెలియనిది కోస్తే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మా షాపులో వాల్వ్ బాడీ పోతే అలాగే కోసి చూస్తాం.

పెనమలూరు_రవ్వ జవాబు:

వార్నిష్ వద్దంటున్నారు కదా, ఏటికొప్పాక బొమ్మలకి వేసే లక్క వేయొచ్చుగా? రంగులు కూడా చెట్ల నుంచి తీసినవే, మెరుపు చాలా బాగుంటుంది, మన ఆంధ్రా పని అని కూడా చెప్పుకోవచ్చు.

కొండపల్లి_దారిలో (ఇబ్రహీంపట్నం) జవాబు:

పైన అడిగిన లక్క గురించి. ఏటికొప్పాకలో లక్క ఎలా పడతారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. లేత్ మీద అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క పుల్ల దానికి ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. రాపిడికి కరిగేది నిప్పున్న బౌల్ మీద ఆగుతుందా? మెత్తబడి వేళ్ళకి అంటుకుంటుంది. బొమ్మకి అది చాలా గొప్ప పని, పైపుకి కాదు. అడిగారు కాబట్టి ఇది కూడా చెప్తాను, కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కూడా దీనికి పనికిరాదు. బొమ్మ చెక్కడానికి అంత మెత్తటి, తేలికైన కర్ర ఇంకోటి లేదు, ఆ మెత్తదనమే ఇక్కడ శత్రువు, మొదటి బౌల్‌కే గోడ కాలిపోతుంది.

నేను నలభై ఏళ్ళుగా చెక్క పనిలో ఉన్నాను, పైపు చేయలేదు, కానీ కర్ర గురించి ఒకటి అడగాలి. చక్రం ఆకులన్నారు. ఏ చివర నుంచి ముక్క కోశారు? చక్రం మధ్యలో ఇరుసు తిరిగే చోట కందెన పెడతారు కదా, ఏళ్ళ తరబడి పెట్టిన కందెన ఆకుల మొదళ్ళలోకి కూడా దిగుతుంది. నల్లతుమ్మ చేవ ముదురు రంగులోనే ఉంటుంది కాబట్టి కంటికి తెలియదు. ఒక చిన్న ముక్క కోసి పెనం మీద వేడి చేసి వాసన చూడండి. నూనె కంపు వస్తే ఆ కర్ర పక్కన పెట్టేయండి. మిగతా విషయాల్లో మీ ఎంపిక తప్పు కాదు, తుమ్మ చేవ గట్టిది, అన్నేళ్ళ పాత కర్ర కాబట్టి ఆరి ఉంటుంది, మే నెల ఎండకి పగలదు. పచ్చి కర్రతో చేసి ఉంటే ఈపాటికి నోరు తెరిచేది.

ఏ చెట్టు పడితే ఆ చెట్టు వాడొద్దు కూడా. గన్నేరు విషం, ముట్టుకోవద్దు. ఇరుగుడు, అదే రోజ్‌వుడ్, పొడి చాలామందికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, ఊపిరికి కూడా పడదు. అసలు ఏ కర్రయినా సరే ఎమరీ పట్టేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

పైపులకి ప్రపంచమంతా బ్రయర్ అనే కర్ర ఎందుకు వాడతారో మా అబ్బాయి చదివి చెప్పాడు, మా పనివాళ్ళకి వెంటనే అర్థమయ్యే విషయం అది. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఒక పొద. కొమ్మా కాండం కాదు, నేలలో వేరు మొదట్లో ఊరే గడ్డ వాడతారు. కొండల మీద పొద కాలిపోయినా ఆ గడ్డ బతికి మళ్ళీ చిగురేస్తుంది. దాన్ని తవ్వి, ముక్కలు కోసి, గంటల తరబడి నీళ్ళలో ఉడకబెట్టి పసరు తీసేసి, నెలల తరబడి నీడలో మెల్లగా ఆరబెడతారు. ఫ్రాన్స్‌లో సెయింట్ క్లోడ్ అనే కొండ ఊరు పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి ఈ బ్రయర్ పైపుల మీదే పేరు తెచ్చుకుంది. ఆ గడ్డలో ఈనె (కర్ర పోగుల దారి) ఒకవైపే పోదు, మెలికలు తిరిగి ఉంటుంది, అందుకే వేడికి చీలదు. మీ తుమ్మ ఆకులో ఈనె నిటారుగా ఉంటుంది. కాబట్టి గోడ మందం ఎక్కువ ఉంచండి, 6 ఎంఎం కంటే ఎక్కడా తగ్గనివ్వొద్దు, 8 ఉంచితే ఇంకా మంచిది.

కోల్డ్‌స్టోరేజీ_అబ్బాయి జవాబు:

అందరికీ చాలా థాంక్స్. వార్నిష్ సంగతి చదవగానే వీధి చివర పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పాను, పైపు నా దగ్గరే ఉంది. కందెన గురించి చెప్పినవారికి ప్రత్యేకంగా. మిగిలిన ముక్కలోంచి చిన్నది కోసి పెనం మీద వేశాను. రెండు నిమిషాలకి ఇల్లంతా పాత గ్రీజు వాసన, అమ్మ కిటికీలన్నీ తెరిచింది. ఆ కర్ర మొత్తం పక్కన పెట్టేశాను.

ఆదివారం పైపు కోశాను. హ్యాక్సా పెట్టి ఒక నిమిషం అలాగే నిలబడ్డాను, అన్నయ్య పక్కనుంచి "కొయ్యరా" అన్నాడు, కోశాను. రెండు ముక్కలూ బెంచీ మీద పక్కపక్కన పెట్టి టార్చి వేసి చూశాను. చూసింది చూసినట్టు రాస్తాను.

బౌల్ అడుగు గుండ్రంగా బాగానే వచ్చింది, కానీ గాలి బెజ్జం అడుగున కలవలేదు, దాదాపు 3 ఎంఎం పైన గోడలోంచి వచ్చింది. దాని కింద ఉన్న గుంటలో తడిసిన పొగాకు నల్లగా ముద్దలా అలాగే ఉంది, అది అసలు కాలనే లేదు. వార్నిష్ ఆ ముద్ద పైన మసిగా మారి పొలుసులు లేచింది. కాడలో బెజ్జం సూటిగా లేదు, మధ్యలో ఈనె వెంబడి కొంచెం కిందికి జారి మళ్ళీ పైకి లేచింది, కంటికి కనపడే వంపు. ఇక ఆ 3 ఎంఎం గుంట. కుసి చివరకీ బెజ్జం అడుగుకీ మధ్య ఒక చిన్న గది లాగా ఉంది, దాని చుట్టూ గోధుమ రంగు మరక, ముట్టుకుంటే ఇంకా జిగురు, నాలుగు రోజులైనా ఆరలేదు. గుడగుడలాడింది అక్కడే. స్టెమ్ చివర 2 ఎంఎం దగ్గర పొగాకు పొడి ఇరుక్కుని సగం మూసుకుపోయింది.

ఒక్క పైపులో నాలుగు తప్పులు, ఒక్కటి కూడా బయటికి కనపడదు. ముప్పై మంది బాగుందన్న ఫొటోలో ఇవేవీ లేవు.

టర్నర్ అన్నా, గాలి బెజ్జం సరిగ్గా అడుగునే కలవాలంటే ఎలా కొట్టాలి? లెక్క వేసే కొట్టాను, అయినా 3 ఎంఎం తేడా వచ్చింది.

ఆటోనగర్_టర్నర్ జవాబు:

వరస మార్చు తమ్ముడూ. నువ్వు బౌల్ ముందు కొట్టి ఉంటావు. ముందు కాడ వైపు నుంచి మొదలుపెట్టాలి. కర్ర దిమ్మ నలుచదరంగానే ఉంచు, ఆకారం ఇప్పుడే తీయకు. దిమ్మ పక్క ముఖం మీద పెన్సిల్‌తో పైపు నిలువుకోత అంతా గీసుకో, బౌల్, అడుగు, గాలి దారి, కుసి బెజ్జం. అప్పుడు లేత్‌కి ఎక్కించి సెంటర్ డ్రిల్‌తో మొదలుపెట్టి 8 ఎంఎం కుసి బెజ్జం, తర్వాత అదే సెట్టింగులో, దిమ్మ కదల్చకుండా, 4 ఎంఎం గాలి బెజ్జం. పొడుగు బిట్ ఒకేసారి తోయకు. మొదట పొట్టి బిట్‌తో దారి చేసి తర్వాత పొడుగుది, ప్రతి 5 ఎంఎంకి బయటికి తీసి పొడి దులుపు. పొడి నిండితే బిట్ వేడెక్కి ఈనె ఎటు లాగితే అటు పోతుంది. నీకు కాడలో వచ్చిన వంపు అదే.

గాలి బెజ్జం గీత దాకా వచ్చాక ఆపి, దిమ్మ తిప్పి ఇప్పుడు బౌల్ కొట్టు. చివరి 5 ఎంఎం చేత్తో మెల్లగా తిప్పు, ప్రతి చుట్టుకీ టార్చి వేసి చూడు. బౌల్ అడుగులో బెజ్జం నెలవంకలా కనపడటం మొదలవుతుంది. నెలవంక పెద్దదై, బెజ్జం కింది అంచు బౌల్ అడుగుతో సమానమైనప్పుడు ఆపెయ్. లెక్క కన్నా కన్ను నమ్ము ఇక్కడ. ఇంకో అర ఎంఎం దిగితే అడుగులో గాడి పడుతుంది.

కుసి పొడవు కూడా చివర్లోనే. ఒక ఎంఎం ఎక్కువ ఉంచి కోసి, దూర్చి చూసి, కొద్ది కొద్దిగా ఆకురాయి పట్టు. స్టెమ్ భుజం కాడకి ఆనుకున్నప్పుడు లోపల అర ఎంఎం ఖాళీ ఉంటే చాలు. అసలు ఖాళీ లేకపోతే కర్ర ఉబ్బినప్పుడు స్టెమ్ బయటికి తోసుకొస్తుంది.

సాయంత్రం_ఒక_పైపు జవాబు:

కోసి చూశావు చూడు బాబూ, చాలా సంతోషం. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. చాలామంది తప్పు చెప్తే ముఖం మాడ్చుకుంటారు.

నీ రెండో ప్రశ్నకి ఇంకా ఎవరూ పూర్తిగా జవాబు చెప్పలేదు. "ఎలా ఉంది" అని అడగకు. అలా అడిగితే ఎదుటివాడు నీ ముఖం చూసి జవాబు చెప్తాడు. ఏం జరిగిందో అడుగు. ఎన్నిసార్లు వెలిగించాల్సి వచ్చింది? గుడగుడ మొదలైందా, ఎన్నో నిమిషంలో? ఇరవై నిమిషాలకి బౌల్ బుగ్గకి ఆనిస్తే ఓర్చుకోగలిగారా? నాలుక మండిందా? అయిపోయాక అడుగున తెల్లటి పొడి బూడిద మిగిలిందా, తడి ముద్ద మిగిలిందా? పళ్ళతో పట్టుకుంటే దవడ నొప్పి వచ్చిందా? వీటికి మొహమాటం అడ్డం రాదు. జవాబుల్ని పైపు నంబరు వేసి ఒక పుస్తకంలో రాసుకో, లెక్కలు రాసేవాడివేగా.

నువ్వు తాగకుండా చేసుకోగల పరీక్ష ఇంకోటి ఉంది. ఖాళీ పైపు నోట్లో పెట్టుకుని మెల్లగా గాలి పీల్చు. చప్పుడే ఉండకూడదు. ఈల లాగా వినపడితే దారిలో ఎక్కడో ఇరుకు, లేకపోతే మెట్టు ఉన్నట్టు. స్ట్రాతో గాలి పీల్చినంత తేలిగ్గా రావాలి. నా దగ్గర మొక్కజొన్న కండె పైపు ఒకటుంది, అమెరికాలో మిస్సోరీలోని వాషింగ్టన్ అనే ఊళ్ళో 1869 నుంచి కండెలతో పైపులు చేస్తున్నారు, చాలా చవక. చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ పొగ పొడిగా, చల్లగా వస్తుంది. నువ్వొచ్చినప్పుడు కడిగి ఆరబెట్టిన స్టెమ్ వేసి ఇస్తాను, దాంట్లోంచి గాలి పీల్చి చూడు, తర్వాత నీదాంట్లోంచి పీల్చు. నీకే తెలుస్తుంది తేడా.

బౌల్ లోపల ఏదైనా పూయాలనుంటే పెరుగులో యాక్టివేటెడ్ బొగ్గు పొడి కలిపి పలచగా రాసి నాలుగైదు రోజులు ఆరనివ్వు. పైపులు చేసేవాళ్ళు చాలామంది అదే వాడతారు, అందులో భయపడాల్సింది ఏమీ లేదు. గాలి బెజ్జంలోకి పోకుండా అందులో పైపు క్లీనర్ పెట్టి ఉంచి రాయి.

కొండపల్లి_దారిలో జవాబు:

పైన మెరుపుకి కార్నోబా మైనం వాడండి. బ్రెజిల్‌లో ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి తీస్తారు, తేనెమైనం కన్నా గట్టిది, తేనెమైనం 65 డిగ్రీల లోపే కరుగుతుంది, ఇది 80 దాటాలి. కారు పాలిష్‌లో ఉండేది ఇదేనని ఆటోనగర్‌లో ఆ డబ్బా తెచ్చి రాసేరు, అది వద్దు, దాంట్లో ఇంకా ఏవేవో కలుస్తాయి. శుద్ధమైన మైనం ముక్క కొని, తిరిగే గుడ్డ బఫ్‌కి ఆనించి, ఆ బఫ్‌తో కర్ర తోమండి. పొర కనపడనంత పలచగా పడుతుంది.

కోల్డ్‌స్టోరేజీ_అబ్బాయి జవాబు (ఆరు వారాల తర్వాత):

నాలుగోది పూర్తయింది. బ్రయర్ దిమ్మ ఒకటి తెప్పించాను, ఖరీదెక్కువే, కానీ కర్ర మీద అనుమానం లేకుండా ఒక్కసారైనా చేసి చూడాలనిపించింది. టర్నర్ అన్న చెప్పిన వరసలోనే కొట్టాను. బౌల్ చివరి 5 ఎంఎం చేత్తో తిప్పుతుంటే నిజంగానే నెలవంక కనపడింది, సన్నగా, తర్వాత లావుగా. అక్కడ చెయ్యి ఆపడానికి ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. స్టెమ్ ఈసారి ఎబొనైట్ (గట్టి రబ్బరు), కోస్తుంటే గంధకం వాసన, కానీ పంటికి యాక్రిలిక్ కన్నా మెత్తగా ఉంది. నోటి చివర గాడి తీయడానికి నాకు మూడు గంటలు పట్టింది. కుసి అర ఎంఎం ఖాళీతో కూర్చుంది. పైపు క్లీనర్ ఎక్కడా ఆగకుండా వెళ్ళింది.

పోయిన ఆదివారం బ్రాడీపేటలో పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళాను. ముందు కండె పైపుతో గాలి పీల్చి చూపించారు, తర్వాత నాది. కండె పైపు నిశ్శబ్దంగా ఉంది. నాదాంట్లో గట్టిగా పీలిస్తే సన్నగా ఈల వచ్చింది, మెల్లగా పీలిస్తే లేదు. ఆయన బాల్కనీలో కూర్చుని వెలిగించారు, నేను పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్నాను. నలభై ఎనిమిది నిమిషాలు నడిచింది. నాలుగుసార్లు వెలిగించారు. ముప్పై ఐదో నిమిషం దాకా గుడగుడ లేదు, తర్వాత కొద్దిగా వచ్చింది, క్లీనర్ ఒకసారి పెడితే పోయింది. బౌల్ బుగ్గకి ఆనించుకోగలిగారు. అడుగున బూడిద పొడిగా ఉంది, ఒక పక్కన మాత్రం శనగగింజంత కాలని పొగాకు మిగిలింది.

ఆయన చెప్పిన లోపాలు మూడు. స్టెమ్ చివర 4.8 ఎంఎం ఉంది, పళ్ళకి లావు. పైపు ముందు భాగం బరువు, పళ్ళతో పట్టుకుంటే కిందికి వాలుతోంది, బౌల్ గోడ బయట నుంచి ఇంకో ఎంఎం తీయొచ్చన్నారు. మూడోది ఆ ఈల.

ఇంటికొచ్చి టార్చి వేసి చూశాను. స్టెమ్ లోపల గుండ్రటి బెజ్జం వెడల్పు గాడిగా మారే చోట ఒక చిన్న మెట్టు కనపడుతోంది, గోరు అక్కడికి అందదు, సూది మొనకి తగులుతోంది. సూది ఆకురాయి అంత లోపలికి అందడం లేదు. టర్నర్ అన్నా, అక్కడికి దేనితో వెళ్ళాలి? ఒక సన్న తీగకి ఎమరీ చుట్టి లోపల తిప్పితే సరిపోతుందా, లేక స్టెమ్ మళ్ళీ కొత్తగా చేయడమే మంచిదా?

ఆటోనగర్_టర్నర్ జవాబు:

కొత్తది వద్దు. సైకిల్ స్పోక్ ఒకటి తీసుకో, చివర అంగుళం దాకా హ్యాక్సాతో నిలువునా చీల్చు, ఆ చీలికలో 320 ఎమరీ సన్న ముక్క దూర్చి ఒక చుట్టు చుట్టు. కుసి వైపు నుంచి దూర్చి చేత్తోనే తిప్పు, డ్రిల్లుకి పెట్టకు, ఎబొనైట్ వేడికి మెత్తబడుతుంది. ఇరవై సార్లు తిప్పి ఒకసారి పీల్చి చూడు. ఈల తగ్గుతూ వస్తుంది. పూర్తిగా పోయాక 600తో ఒకసారి. చివర 4.8 ఉన్నది 4.2కి దింపేటప్పుడు రెండు వైపులా సమానంగా తియ్, లోపల గాడి ఎత్తు 1.5 కాబట్టి పైనా కిందా 1.3 చొప్పున గోడ మిగలాలి, వెర్నియర్ కాలిపర్‌తో కొలుచుకుంటూ పో. ఆదివారం మధ్యాహ్నం తర్వాత నేను షాపులోనే ఉంటాను, స్పోకులు నా దగ్గర బోలెడున్నాయి, పైపు తీసుకుని వచ్చెయ్.